ఆల్బెర్తో కోర్డా ఛాయాచిత్రాలను చూడవలసిన తీరు

క్యూబా ఛాయాగ్రాహకుడు ఆల్బెర్తో కోర్డా (1928–2001) కృషిని అర్థం చేసుకోదలచినవారు చే గువేరా చిత్రంతో మొదలుపెట్టకపోవడమే మంచిది. ముందుగా 1950లలో హవానాలోని తన స్టూడియో నడిపిన కాలంలో ఆయన తీసిన ఫ్యాషన్ చిత్రాలను చూడండి. వెలుగునీడలతో ముఖాన్ని తీర్చిదిద్దే నేర్పు ఆయనకు అబ్బింది అక్కడే. ఆ తరువాత 1959లో పినార్ దెల్ రియో ప్రాంతంలో తీసిన, కట్టెముక్కనే బొమ్మగా హత్తుకున్న పసిపిల్ల చిత్రం వద్ద కాసేపు ఆగండి. తాను విప్లవం వైపు మళ్లడానికి కారణం ఆ పాపేనని ఆయనే చెప్పుకున్నారు.

ఇక 1960 మార్చి 5 నాటి చే గువేరా చిత్రం. హవానా రేవులో జరిగిన లా కూబ్ర్ ఓడ పేలుడు మృతుల సంతాపసభలో, లైకా కెమెరాకు 90 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి తీసిన ఆ చిత్రం పూర్తి ఫ్రేమును, లోకమంతా ఎరిగిన రూపం పక్కన పెట్టి పోల్చండి. ఒక అంచున మరొకరి ముఖం పక్కవాటుగా, రెండో అంచున తాటిజాతి చెట్టు ఆకులు కనిపిస్తాయి. ఆ రెంటినీ కత్తిరించగానే, ఒక సభ తాలూకు వార్తాచిత్రం చోటుతోనూ వేళతోనూ పనిలేని ముఖచిత్రమైపోయింది. విచిత్రమేమిటంటే, ఆయన పనిచేసిన పత్రిక మరునాడు దాన్ని వేసుకోనేలేదు. అనంతరకాలంలో ఆయన చేసిన సముద్రగర్భ ఛాయాగ్రహణాన్ని మాత్రం త్వరగా చూసి ముందుకు సాగినా నష్టం లేదని నా అభిప్రాయం.