స్క్రీన్ చూసి చూసి కళ్ళు లాగుతున్నాయా? లక్షణాన్ని బట్టి పరిష్కారం

కళ్ళు లాగగానే చాలామంది ముందు కొనేది బ్లూ లైట్ కళ్ళద్దాలు. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గకపోవచ్చని 2023 నాటి కొక్రేన్ సమీక్ష (ఒక అంశంపై జరిగిన వైద్య పరిశోధనలను కలిపి తూచే నివేదిక) చెప్పింది. ఆ డబ్బు దాచుకుని, బాధ ఎక్కడ, ఎప్పుడు మొదలవుతోందో గమనించండి.

గరగర, మంట, సాయంత్రానికి ఎరుపు

కన్ను ఆరిపోతోంది. మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ ముందు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. కన్నీటి పొరను ఆరనివ్వని నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప నిండుగా మూస్తేనే అది పరుచుకుంటుంది. నీళ్ళు ధారగా కారుతున్నా ఇదే కారణం కావచ్చు, ఎండిన కన్ను రేగి నీరు వదులుతుంది.

ముందు ఏసీ సంగతి చూడండి. మీ సీట్లో కూర్చుని మొహం ముందు అరచెయ్యి పెట్టండి. గాలి తగిలితే ఏసీ రెక్కలు పైకి తిప్పండి, లేదా కుర్చీ జరపండి. మానిటర్ పైఅంచు కంటి మట్టానికి కాస్త కిందికి దించండి. చూపు కిందికి ఉంటే రెప్ప కొంత వాలి కన్ను తక్కువ ఆరుతుంది. మెయిల్ పంపినప్పుడల్లా రెప్పలు నిండుగా మూసి తెరవండి.

తగ్గకపోతే కంటిని తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5% చుక్కలు వాడొచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి కావాలంటే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోండి. ఎరుపు పోగొట్టే చుక్కలు వద్దు, ఆపాక ఎరుపు తిరగబెడుతుంది. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం, నీటికాసులు (గ్లకోమా) రావచ్చు. తేనె, ఆముదం కూడా వద్దు, అమ్మమ్మ చెప్పినా సరే.

తలెత్తి దూరం చూస్తే మసక, కాసేపటికి మామూలు

దగ్గరి చూపుకు బిగుసుకున్న కండరం వదలడం లేదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడండి. ఆ విరామంలో ఫోన్ తీస్తే చేసినదంతా వృథా.

నలభై దాటాక నుదురు, మెడ నొప్పి

చత్వారం అయ్యుండొచ్చు. పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్ళు కింది భాగంలోంచి చూడాలని గడ్డం ఎత్తుతారు, మెడ పట్టేస్తుంది. కంటి నుంచి స్క్రీన్‌కు ఎంత దూరమో టేపుతో కొలిచి (సాధారణంగా 50–70 సెంటీమీటర్లు), ఆ అంకె కంటి పరీక్ష చేసేవారికి చెప్పండి. ఆ దూరానికే విడిగా అద్దాలు చేయిస్తారు.

ఒక్క కంట్లోనే నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, మెరుపులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది అలసట కాదు. అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.