పండగ వంటల మధ్య కుక్కకి బిస్కెట్లు చేస్తుంటే...

కుక్క కోసమని విడిగా చేసే బిస్కెట్ల వల్ల వచ్చే ప్రమాదం తక్కువే. అదే బల్ల మీద, అదే గంటలో మనకోసం చేసుకునే కేకులు, స్వీట్లతోనే భయం. ఒకే గరిటెతో రెండు పిండ్లూ కలుపుతాం, ఒక కిస్మిస్ జారి కింద పడుతుంది, మన పిండిలోంచే కాస్త తీసి దానికీ కాల్చేస్తాం. అందుకే కుక్క ట్రీట్లు ఒక రోజు ముందే చేసి పెట్టుకోండి. ఆ పూట ఇంకే పిండివంటా వద్దు.

నాకు అన్నిటికంటే భయం జైలిటాల్ అంటే. చక్కెరకి బదులు వాడే తీపి ఇది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో ఉంటుంది. మనకేం కాదు. కుక్కకి మాత్రం అది కడుపులోకి వెళ్లగానే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, రక్తంలో చక్కెర పడిపోతుంది. చాలాసార్లు గంటలోపే తూలడం, ఫిట్స్ రావడం మొదలవుతాయి. కాలేయం కూడా దెబ్బతినవచ్చు. కుక్క బిస్కెట్లలో పీనట్ బటర్ చాలామంది వేస్తారు కాబట్టి, ఎప్పుడూ కొనేదే అయినా సరే, డబ్బా వెనక రాసింది ప్రతిసారీ చదవండి. బర్చ్ షుగర్ అని, ఇ967 అని ఉన్నా అదే.

ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను పాడు చేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 'ఒక్కటేగా' అనుకోవద్దు. చాక్లెట్ ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత చెడ్డది, కోకో పౌడర్ మరీను. ఉల్లి, వెల్లుల్లి పొడి రూపంలో ఉన్నా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. దాంతో వచ్చే నీరసం కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు. జాజికాయ, మకడామియా గింజలు కూడా వద్దు. ఈస్ట్ వేసి పులవడానికి పెట్టిన పచ్చి పిండిని కుక్కకి అందని చోట ఉంచండి. అది కడుపులో పొంగుతుంది, ఆల్కహాల్ కూడా తయారవుతుంది.

చేయడం చాలా తేలిక. రెండు కప్పుల ఓట్స్ పిండి, ఒక కప్పు ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు, ఒక గుడ్డు. ఉప్పు, చక్కెర అక్కర్లేదు. పలుచగా ఒత్తి, ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడేదాకా కాల్చి, పూర్తిగా చల్లారనివ్వండి. డబ్బాలో దొరికే గుమ్మడి గుజ్జు కొంటే, 'పై' (pie) అనే తీపి వంటకం కోసం మసాలా, తీపి కలిపింది కాకుండా ఉత్త గుజ్జు తీసుకోండి. చిలగడదుంప, క్యారెట్, గింజలు తీసిన ఆపిల్ కూడా వాడొచ్చు. కొత్త పదార్థాలు ఒకేసారి కలపకుండా ఒక్కొక్కటిగా అలవాటు చేస్తే, ఏది పడలేదో తెలుస్తుంది.

చిన్న కుక్కకి చిన్న ముక్కలే చేయండి, గొంతులో అడ్డం పడకుండా. ట్రీట్లన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. పండగకి వచ్చిన ప్రతి చుట్టమూ ఒకటి పెడితే ఆ లెక్క మధ్యాహ్నానికే అయిపోతుంది, కాబట్టి ఆ రోజు వాటా ఒక గిన్నెలో వేసి, అందులోంచే పెట్టమనండి. కొవ్వు మాంసం, వండిన ఎముకలు అసలు పెట్టొద్దని కూడా చెప్పండి. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచి వాంతులు పట్టుకుంటాయి, వండిన ఎముక విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది.

తినకూడనిది తిన్నదని తెలిస్తే, లక్షణాలు కనిపించేదాకా ఆగకండి, వెంటనే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఆ ఉప్పే విషమవుతుంది. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది చెప్పగలగాలి. చిరిగిన ప్యాకెట్ ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి. పండగ రోజు తెరిచి ఉండే క్లినిక్ ఏదో కనుక్కుని, నంబర్ ముందే ఫ్రిజ్ మీద అతికించి పెట్టుకోండి.