ఫైర్‌ప్లేస్ వెలిగించడం అందరికీ వచ్చు, మూయడమే రాదు

జనవరిలో కూడా ఫ్యాను తిరిగే విశాఖలో ఫైర్‌ప్లేస్ ఊసెత్తితే నవ్వుతారు. ఆ నవ్వినవాళ్లే సంక్రాంతి సెలవులకు అరకులోని మా చిన్న ఇంటికి వచ్చి, గోడంతా మసి చేసి వెళ్తారు. అందుకే రాస్తున్నాను.

కావలసినవి: పట్టకారు, చిన్న పార, మూతున్న ఇనుప బకెట్టు, నిప్పురవ్వలు ఎగరకుండా ముందు నిలిపే ఇనుప వల, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టి మోగే అలారం. ఏటా చలికాలానికి ముందే పొగగొట్టం శుభ్రం చేయించాలి. లోపల తారులా పేరుకున్న మసి అంటుకుంటే గొట్టమే కాలుతుంది.

కట్టెలంటే సరుగుడే. చింత కూడా మంచిదేనంటారు, నేను ఒప్పుకోను. చీల్చి వేసవంతా ఎండబెట్టి, అక్టోబరు తుపానులకు ముందే చూరు కిందకు చేర్చాలి. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. తేమ 20 శాతం లోపు ఉండాలి. 2014లో హుద్‌హుద్‌కు మా వీధిలో కూలిన చెట్ల కట్టెలను ఆ డిసెంబరులోనే అరకు మోసుకెళ్లాను. కట్టెల చివరల నుంచి నీరు బుసబుసమంది, రాత్రంతా కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాం. రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్, జీడి తొక్కలు పనికిరావు. బీచ్‌లో ఏరిన కొయ్య అసలే వద్దు, అందులోని ఉప్పు కాలితే విషవాయువులు పుడతాయి. పాత సామానంతా తగలబెట్టడానికి ఇది భోగిమంట కాదు.

పొగగొట్టం లోపలి మూతను, అంటే డాంపర్‌ను, పూర్తిగా తెరవండి. కిటికీ ఒక అంగుళం తీసి ఉంచండి. గొట్టంలో చల్లగాలి దిగి ఉంటుంది కాబట్టి, చుట్టిన కాగితం వెలిగించి గొట్టం మొదట్లో పట్టుకోండి. పొగ పైకి లాగడం మొదలయ్యాకే పొయ్యి అంటించాలి. లావు కట్టెలు అడుగున, పుల్లలు పైన పేర్చి, పైనుంచే వెలిగించాలి. మా అమ్మ కట్టెల పొయ్యిని కింది నుంచి రాజేసేది, కానీ ఆ వంటింటి గోడలు ఎంత నల్లగా ఉండేవో నాకు తెలుసు. కిరోసిన్ జోలికి పోకండి.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. రాత్రి పదకొండుకు మంట తగ్గాకే అసలు కథ. "వెచ్చదనమంతా గొట్టంలోంచి పోతోంది, మూసేద్దాం" అని ఎవరో ఒకరు లేస్తారు. మూయకండి. ఆగింది మంట, నిప్పు కాదు. నివురు గప్పిన నిప్పు అన్న మాట ఊరికే పుట్టలేదు. బూడిద కింద ఎర్రగా ఉన్న బొగ్గులు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. దారి మూస్తే అది గదిలోకే వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ రాకపోవచ్చు.

ఒకసారి మా బావమరిది నాకు చెప్పకుండా మూశాడు. అర్ధరాత్రి దాటాక అలారం మోగింది. అప్పటికే అతనికి తలనొప్పి, వికారం. "ఘాట్ రోడ్డు మలుపుల వల్ల బావా" అంటాడు! తల తిరిగి, వాంతి వచ్చేలా ఉంటే, అదీ ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఉంటే, ఘాట్ రోడ్డును తిట్టుకుంటూ కూర్చోకండి. అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

నా ఇంట్లో నియమం ఇది: తొమ్మిది దాటితే కొత్త కట్టె వేయకూడదు. నిప్పు ఉన్నంతసేపూ ఒకరు మెలకువగా ఉండాలి. కిటికీ సందు తెరిచే ఉంటుంది. మూత వేసేది తెల్లవారాకే, అదీ బూడిదను పట్టకారుతో అడుగంటా కలిపి, ఎక్కడా వేడి లేదని చూశాకే. తొందరపడి నీళ్లు పోయకండి, వేడి ఇటుకలు పగులుతాయి, ఆవిరితో పాటు బూడిద ముఖం మీదకు లేస్తుంది. నిప్పులు కుంపట్లోకి ఎత్తి పడకగదిలో పెట్టుకోవడమూ ఇదే తప్పు. కరెంటు హీటరు చాలదా అనేవారు, కరెంటు పోయిన రాత్రి మా ఇంటికి రావచ్చు.

బూడిదను ఇనుప బకెట్టులోకే ఎత్తాలి, అట్టపెట్టెలోకి కాదు. మూత పెట్టి, గోడకు దూరంగా ఆరుబయట నేల మీద ఉంచండి. చల్లారినట్టే కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి నిలవగలదు. నాలుగో రోజు నీళ్లు చల్లి, కలిపి చూసి, అప్పుడు బీరపాదుకు వేస్తాను.