నెట్‌వర్కింగ్ సొంతంగా - 7వ పాఠం: ఈ ఉద్యోగాలు ఉంటాయా?

పోయినసారి సబ్‌నెటింగ్ (పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టడం) చెప్పాక మీరు పంపిన జవాబులన్నీ చూశాను. 192.168.10.100/26 ఏ నెట్‌వర్క్‌లోకి వస్తుందని అడిగితే ఎక్కువమంది ".100 నెట్‌వర్క్" అని రాశారు. బ్లాక్ సైజు (ఒక్కో ముక్కలో ఎన్ని అడ్రసులు) గురించి నేను ఒక్క వాక్యంతో సరిపెట్టడం వల్లే ఇలా జరిగింది. /26 అంటే 64 చొప్పున ముక్కలు: 0, 64, 128, 192. వంద 64కీ 128కీ మధ్యలో ఉంది. కాబట్టి నెట్‌వర్క్ (ముక్కలో మొదటి అడ్రసు) .64, బ్రాడ్‌కాస్ట్ (చివరిది, అందరికీ ఒకేసారి పంపేది) .127. నేనైతే బైనరీ జోలికి వెళ్లను. /26కి మాస్క్ (అడ్రసులో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పేది) 255.255.255.192. 256లోంచి దాని చివరి భాగం 192 తీసేస్తే 64 వచ్చేస్తుంది. ఇంటర్వ్యూలో ఇదే వేగంగా అవుతుంది.

ఈసారి వీలాన్‌లు (ఒకే వైరింగ్ మీద వేర్వేరు నెట్‌వర్కులు నడిపే పద్ధతి) మొదలుపెట్టాల్సింది. కానీ మీ జవాబుల వెంటే ఇంకో ప్రశ్న చాలాసార్లు వచ్చింది: "సార్, క్లౌడ్, ఏఐ వచ్చేశాయి కదా, ఇదంతా చేత్తో లెక్కపెట్టి నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా?" ఈ టెన్షన్ పెట్టుకుని చదివితే ఏదీ బుర్రకెక్కదు. అందుకే వీలాన్‌లను వచ్చే పాఠానికి జరిపాను.

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాలో నెట్‌వర్క్, సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాలు 3 శాతం తగ్గుతాయని ఉంది. అదే అంచనాలో నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ ఉద్యోగాలు 13 శాతం, సెక్యూరిటీ అనలిస్ట్ ఉద్యోగాలు 33 శాతం పెరుగుతాయని ఉంది. మొదటి అంకె మాత్రమే చదివినవాళ్లు "నెట్‌వర్కింగ్ పని అయిపోయింది" అంటారు. తగ్గుతున్నది ఒక్కో స్విచ్‌లోకి (ఆఫీసులోని యంత్రాలను కలిపే పెట్టె) లాగిన్ అయి అవే పది కమాండ్లు కొట్టే పని. అది స్క్రిప్టుల చేతికి పోతోంది. పెరుగుతున్నది ఏ అడ్రస్ ఎక్కడ ఉండాలి, ఏ దారి తెరవాలి, ఏది మూయాలి అని నిర్ణయించే పని. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ సిలబస్ చూసినా ఇదే కనిపిస్తుంది. 2020లో వచ్చిన 200-301 పరీక్షలో ఆటోమేషన్‌కు 10 శాతం, ఐపీ కనెక్టివిటీకి (నెట్‌వర్కుల మధ్య దారి చూపడం) 25 శాతం ఇచ్చారు. కొత్తది చేర్చారు గానీ పునాదిని తీసేయలేదు.

మన దగ్గర కూడా కదలిక ఉంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే డేటా సెంటర్‌కు పెట్టే డబ్బును చూసి అన్ని కొలువులు వస్తాయని ఊహించుకోకండి. కట్టేటప్పుడు పట్టినంతమంది నడిపేటప్పుడు అక్కర్లేదు.

ఇక నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది: "క్లౌడ్‌లో సబ్‌నెటింగ్ అక్కర్లేదు." కాస్త ఓపికగా చదవండి.

నేను పనిచేసిన ఒకచోట రెండు ఆఫీసులను కలిపారు. రెండింట్లోనూ 192.168.1.0/24నే, అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రసులనే వాడుతున్నారు. మొదటి ఆఫీసులో ఒకమ్మాయి లాప్‌టాప్ 192.168.1.25. రెండో ఆఫీసులో బిల్లింగ్ సర్వర్ 192.168.1.10. ఆవిడ బిల్లింగ్ తెరిస్తే ప్రింటర్ సెట్టింగుల పేజీ వచ్చేది! లాప్‌టాప్ తన మాస్క్‌తో పోల్చుకుని ".10 నా నెట్‌వర్క్‌లోనే ఉంది" అనుకుంది. ఇక రూటర్ దగ్గరికి ఎందుకు వెళుతుంది? "10 ఎవరు?" అని తన ఆఫీసులోనే ఏఆర్‌పీతో (ఒక అడ్రస్ ఏ యంత్రానిదో అడిగే పద్ధతి) కేకేసింది. అక్కడి ప్రింటర్ అడ్రస్ కూడా .10 కావడంతో అది పలికింది. రూటర్‌లో ఎన్ని రూట్లు రాసినా లాభం లేదు, ప్యాకెట్ రూటర్ దాకా వస్తే కదా. చివరికి ఒక ఆఫీసు అడ్రసులన్నీ రాత్రికి రాత్రి మార్చాం.

క్లౌడ్‌లోనూ అంతే. రెండు టీములు ఎవరికి వారు 10.0.0.0/16తో వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) చేసుకుంటే, తర్వాత ఆ రెండింటికీ పీరింగ్ (నేరుగా కలపడం) కావాలన్నప్పుడు అమెజాన్ ఒప్పుకోదు. నడుస్తున్న సర్వర్లను కదిపి మళ్లీ కట్టాలి. ఇంకోటి, అమెజాన్ ప్రతి సబ్‌నెట్‌లో 5 అడ్రసులు తనకే ఉంచుకుంటుంది. నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ కోసం మనం నేర్చుకున్న 2 తీసేసే లెక్క అక్కడ సరిపోదు. ఇవి ముందే చూడగలిగిన మనిషికి గిరాకీ తగ్గలేదు.

ఉద్యోగ ప్రకటన చదివేటప్పుడు హోదా పేరు వదిలేసి పనులు చూడండి. "మానిటర్ చేయాలి, టికెట్ రాయాలి" అని మాత్రమే ఉంటే అది మొదటి మెట్టు. ఫ్రెషర్లకు మంచిదే, నైట్ షిఫ్టులు ఉంటాయి, రెండేళ్లకు మించి అక్కడే ఉండొద్దు. "డిజైన్, మైగ్రేషన్, ఫైర్‌వాల్, పైథాన్" ఉంటే మీరు చేరాల్సిన చోటు అది. డంప్స్ (బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి వచ్చినవాళ్లు అక్కడ మొదటి ప్రశ్నకే ఆగిపోతారు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, వారం తీసుకోండి. ఒక కంపెనీకి హైదరాబాద్‌లో 300, విశాఖలో 110, విజయవాడలో 50 యంత్రాలున్నాయి. రెండేళ్లలో ఇవి రెట్టింపు అవుతాయి. అమెజాన్‌లో ఒక వీపీసీ కూడా ఉంది. 10.20.0.0/16లోంచి అన్నింటికీ ఒకదానిపై ఒకటి పడకుండా అడ్రసులు పంచండి. వీపీసీలో 12 సర్వర్లకు /28 సరిపోతుందా? కారణం రాయండి. కాలిక్యులేటర్ వద్దు, కాగితం మీదే చేయండి. దాంతోపాటు మీ ఊరికి దగ్గరలోని 20 నెట్‌వర్కింగ్ ప్రకటనలు తీసుకుని, వాటిలో ఏ పని ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి పంపండి. ఆ లెక్క చూశాకే వీలాన్‌లలో దేనిమీద ఎక్కువసేపు ఆగాలో నిర్ణయిస్తాను.