టెక్సస్‌లో గువ్వల వేట: మొదటిసారి వెళ్లేవాళ్లు ఎలా సిద్ధం కావాలి?

ఊళ్లో కుందేళ్ల వేట, కౌజుల వేట కబుర్లు వింటూ పెరిగినవాళ్లం చాలామందిమి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇండియాలో అది నేరం. సెలవుకి ఇండియా వెళ్లినప్పుడు ఎవరు పిలిచినా ఆ జోలికి పోవద్దు. టెక్సస్‌లో మాత్రం ఇలాంటి చిన్న జంతువులు, పక్షుల వేటకి చట్టం ఒప్పుకుంటుంది. కొత్తవాళ్లు గువ్వలతో మొదలుపెట్టడం మంచిది. గువ్వల వేటకి టెక్సస్‌ని జోన్లుగా విడగొట్టారు; నార్త్, సెంట్రల్ జోన్లలో సెప్టెంబర్ 1న సీజన్ తెరుస్తారు. అడవుల్లో తిరగక్కర్లేదు, పొలం గట్టున స్టూలు వేసుకుని కూర్చుంటే చాలు.

1. ముందు లైసెన్స్, తర్వాతే తుపాకీ

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆరు నెలలకు పైగా టెక్సస్‌లోనే ఉంటున్నవాళ్లకి లైసెన్స్ 25 డాలర్లు, గువ్వల్లాంటి వలస పక్షుల కోసం దానికి జత చేసే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) ఇంకో 7.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవండి. హెచ్‌1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులోనే మినహాయింపు ఉంది. అందుకే లైసెన్స్ చేతికి రాకముందు స్నేహితుడి తుపాకీని సరదాకి కూడా పట్టుకోవద్దు. పైగా పాత లైసెన్స్ గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తవి ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, అప్పుడే తీసుకోండి. ఏ కాస్త అనుమానం ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. వీసాతో పోలిస్తే గువ్వలెంత!

2. చోటు

టెక్సస్ నేలలో 95 శాతం పైగా ప్రైవేటు ఆస్తి. అనుమతి లేకుండా కంచె దాటకూడదు. రోజుకింత అని లీజు కట్టొచ్చు, లేదా 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకుంటే వేటకి తెరిచిన భూముల మ్యాపు దొరుకుతుంది. కోత అయిన పొద్దుతిరుగుడు చేలు, పశువుల నీటిగుంటలు చూసుకోండి. గువ్వల కోసం గింజలు చల్లిన చోట వేటాడటం నేరం. చల్లింది మీరు కాకపోయినా సరే.

3. తుపాకీ

12 లేదా 20 గేజ్ (గొట్టం సైజు) షాట్‌గన్, 7½ లేదా 8 నంబర్ (లోపలి చిన్న గుండ్ల సైజు) తూటాలు సరిపోతాయి. మూడు తూటాలకి మించి పట్టకుండా తుపాకీలో ప్లగ్ (అడ్డుబిరడా) ఉండాలి. కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరిగా పెట్టుకోండి. సీజన్‌కి ముందు గాల్లోకి విసిరే మట్టి పలకల మీద రెండు మూడు వారాలు సాధన చేయండి. పక్షి ముందుకు గురిపెట్టి, పేలాక కూడా గొట్టం ఆపకుండా తిప్పడం ఒంటికి పట్టేదాకా చేయాలి.

4. పొలంలో

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం వరకే కాల్చాలి. రోజుకి 15 పక్షులే. తోక సూదిలా ఉంటే మోర్నింగ్ డవ్, రెక్క మీద తెల్లపట్టీ ఉంటే వైట్‌వింగ్. మసక వెలుతురులో కిల్‌డీర్ అనే వేరే పక్షి కూడా గువ్వలాగే అనిపిస్తుంది. దాన్ని కొట్టకూడదు. పోల్చుకోలేకపోతే వదిలేయండి. పక్షి వెనక ఆకాశం కనిపిస్తేనే కాల్చండి. కిందుగా ఎగిరే గువ్వ వెనక ఇంకో వేటగాడు ఉండొచ్చు.

మొదటి ఏడు నేను వెంటవెంటనే రెండు కొట్టాను. ఒకటే దొరికింది. రెండోది ఎండుగడ్డి రంగులో కలిసిపోయింది, గంటసేపు వెతికినా కనపడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఒకటి పడితే ఇంకోదాని వైపు చూడొద్దు. అది పడిన చోట ఉన్న మొక్క మీద నుంచి చూపు తిప్పకుండా, తూటాలు తీసేసి తిన్నగా నడవండి. అక్కడ కనపడకపోతే టోపీ ఆ మొక్కకే తగిలించి, దాని చుట్టూ కొంచెం కొంచెం పెద్ద వలయాలుగా వెతకండి. ఈకలు రాలిన చోటుకి నాలుగడుగుల్లోనే దొరుకుతుంది చాలాసార్లు.

5. వంట

సెప్టెంబర్ ఎండకి మాంసం త్వరగా పాడవుతుంది, ఐస్ పెట్టె వెంట ఉండాలి. రొమ్ము మాంసం ముదురు ఎరుపు, కొవ్వు ఉండదు. అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి సన్నసెగ మీద వేపుడు చేస్తే బాగుంటుంది. వండేముందు ప్రతి ముక్కనీ వేళ్లతో నొక్కి చూసి సీసపు గుండ్లు ఏరేయండి. పిల్లలకి పెట్టే ముక్కల్ని ఇంకోసారి చూడండి.