కెడంప్ ఆన్ చేసేముందు: మెమరీ మ్యాప్ జాగ్రత్తలు

కెడంప్ అంటే లైనక్స్ క్రాష్ అయినప్పుడు అప్పటి మెమరీని డంప్‌గా దాచే ఏర్పాటు. ఆ పని చేసేది ముందే లోడ్ చేసి ఉంచిన రెండో కెర్నెల్, అదే క్రాష్ కెర్నెల్. ఎక్స్86 లైనక్స్ సర్వర్‌లో దాన్ని లోడ్ చేసేముందు ఇవి చూసుకోండి.

• బూట్ లైన్‌లో క్రాష్‌కెర్నెల్=256ఎం (దానికి 256 ఎంబీ మెమరీ కేటాయించమని) ఇచ్చి రీబూట్ చేశాక, రూట్‌గా /ప్రోక్/ఐఓమెమ్ తెరవండి. "క్రాష్ కెర్నెల్" వరుస కనిపించాలి. మామూలు యూజర్‌గా చూస్తే అడ్రసులన్నీ సున్నాలే, కంగారు పడొద్దు.

• అసలు చిక్కంతా మెమరీ మ్యాప్ (ఏ అడ్రసులు వాడుకోవచ్చో చెప్పే జాబితా) దగ్గరే. రెండో కెర్నెల్ తనకు కేటాయించిన చోటు దాటి రాసిందంటే, మనం కాపాడాలనుకున్న పాత మెమరీయే చెడిపోతుంది. ఇప్పటి కెక్సెక్ టూల్స్ (క్రాష్ కెర్నెల్ లోడ్ చేసే ప్రోగ్రాములు) ఈ మ్యాప్‌ను బూట్ పారామీటర్లలో ఈ820 పట్టికగా (మెమరీ ప్రాంతాల పట్టిక) అందిస్తాయి. పాత పద్ధతిలో మెమ్‌మ్యాప్=ఎగ్జాక్ట్‌మ్యాప్ అని మొదలుపెట్టి ఒక్కో ముక్కనూ కమాండ్ లైన్‌లో రాసేవారు. ఆ లైన్‌కు 2048 అక్షరాలే హద్దు. ముక్కలు పెరిగితే చాలదు. తప్పనిసరై అదే వాడితే ఏసీపీఐ (హార్డ్‌వేర్, పవర్ వివరాల పట్టికలు) ప్రాంతాలు మరవకండి. వాటి సైజుకీ అడ్రసుకీ మధ్య '@' కాదు, '#' పెట్టాలి.

• ర్యామ్ చేర్చినా తీసినా కెక్సెక్ -పి తో మళ్లీ లోడ్ చేయండి. కెర్నెల్ తనంతట సవరించుకునే ఏర్పాటు లేకపోతే ఎల్ఫ్ హెడర్‌లో (డంప్‌లో ఏ మెమరీ చేరాలో చెప్పే పట్టిక) పాత లెక్కే మిగిలి, కొత్త ర్యామ్ డంప్‌లోకి రాదు.

• /సిస్/కెర్నెల్/కెక్సెక్_క్రాష్_లోడెడ్‌లో 1 ఉండాలి, అంటే క్రాష్ కెర్నెల్ లోడ్ అయినట్టు.

• కావాలని క్రాష్ చేయించే సిస్‌ఆర్‌క్యూ 'సి' పరీక్షకు ముందు డేటాబేస్ ఆపి, సింక్ (మెమరీలో ఆగిన డేటాను డిస్క్‌కు రాసే కమాండ్) కొట్టండి. మెషీన్ నిజంగానే క్రాష్ అవుతుంది.