కారు కింద నీటి మడుగు: ఏసీదా, ఇంకేదైనానా?

ఏసీ వేసుకుని వచ్చిన కారును నిలిపాక ముందు భాగం కింద, పక్క సీటు వైపు, నీళ్లు చుక్కలు చుక్కలుగా పడటం మామూలే. డాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌కు గాలిలోని తేమ పడుతుంది, చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టినట్టు. ఆ నీరు కాయిల్ అడుగున చేరి, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు గోడలోంచి ఒక చిన్న రబ్బరు గొట్టం గుండా కిందికి పోతుంది. ఏసీ ఆపేసినా కాయిల్ రెక్కల మధ్య చిక్కుకున్న నీరు పది, ఇరవై నిమిషాలు కారుతుంది. కరెంటు కారైనా ఇంతే.

ఎంత కారుతుందన్నది గాలిని బట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడల్లో ఉక్కపోత రోజున గంటకు అర లీటరు దాటొచ్చు. అదే కారు ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురం పొడి గాలికి నాలుగు చుక్కలే వదలొచ్చు. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కి ఉంచితే ఇంకా తగ్గుతుంది.

అనుమానం ఉంటే రాత్రి కారు కింద ఒక తెల్ల అట్టముక్క పరిచి, పొద్దున చూడండి. ఏసీ నీరైతే ఆరిపోయి మహా అయితే దుమ్ము మరక మిగులుతుంది, వాసన ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే జారదు. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ రంగుల్లో ఉండి కాస్త తియ్యటి వాసన వేస్తూ జిడ్డుగా తగిలితే అది ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్. దాన్ని వెంటనే కడిగేయండి, కుక్కలూ పిల్లులూ నాకితే ప్రాణం మీదికొస్తుంది. కూలెంట్ మట్టం ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి, వేడి మీద మూత తిప్పితే మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. గోధుమరంగు, నలుపు మరకలు ఇంజన్ ఆయిల్‌వి. చక్రం లోపలి వైపు లేత పసుపు జిడ్డు కనబడి, బ్రేక్ పెడల్ మెత్తబడితే మాత్రం కారు కదపొద్దు, మెకానిక్‌నే పిలిపించండి. పొద్దున్నే సైలెన్సర్ గొట్టం చివర కారే నీటితో బెంగ లేదు. ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆవిరే చల్లబడి అలా దిగుతుంది.

అసలు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఉక్కపోత రోజున ఏసీ చల్లగా వస్తున్నా కింద ఒక్క చుక్కా పడకపోతే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. ఆ నీరు పక్క సీటు వాళ్ల కాళ్ల దగ్గరికి దిగుతుంది. కార్పెట్ తడిగా ఉండటం, మలుపు తిరిగేటప్పుడు డాష్‌బోర్డు లోపల గలగల, ఏసీ వేయగానే ముక్క వాసన, అద్దాలు లోపలి నుంచి మసకబారడం, ఇవే గుర్తులు. కార్పెట్ తడి జిగురుగా, తియ్యటి వాసనతో ఉండి ముందు అద్దం మీద జిడ్డు పొర కడుతుంటే అది ఏసీ నీరు కాదు, హీటర్ కాయిల్ నుంచి కారే కూలెంట్.

గొట్టం శుభ్రం చేయడం కష్టమైన పనేం కాదు, గొట్టం దొరకడమే కష్టం. మన కార్లలో ఎక్కువగా ఎడమ వైపు, రేకు గోడ కింది భాగంలో వేలెడు లావున, కిందికి వంగి ఉంటుంది. అమెరికాలో స్టీరింగ్ ఎడమన ఉంటుంది గనుక అక్కడ కుడి వైపు వెతకండి. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి దూరొద్దు. చెయ్యి అందకపోతే సర్వీస్ సెంటర్ ర్యాంప్ మీద పెట్టించండి, అక్కడ ఐదు నిమిషాల పని.

గొట్టం మూతి దగ్గర మట్టో, కందిరీగ కట్టిన గూడో ఉంటే ముందు అది తీసేయండి. తర్వాత కేబుల్ టై లాంటి మెత్తటి ప్లాస్టిక్ పట్టీని ఐదారు సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పండి. ఇనుప చువ్వ పెట్టి పొడిస్తే కాయిల్‌కు చిల్లు పడొచ్చు, గ్యాసు పోతుంది, అప్పుడు ఖర్చు వేలల్లో. పంక్చర్ షాపు గాలి గొట్టం నిండు ఒత్తిడితో కొట్టించినా లోపల గొట్టం ఊడే ప్రమాదం ఉంది. సైకిల్ పంపు చాలు. అడ్డు వీడగానే నిలవ నీరు బురదతో కలిసి ఒక్కసారిగా దూకుతుంది, కాబట్టి మొహం పక్కకు పెట్టుకోండి. ఆపైన బయటి గాలి వచ్చేలా పెట్టి ఏసీ పది, పదిహేను నిమిషాలు నడపండి. చుక్కలు మొదలైతే పని అయినట్టే.

తడిసిన కార్పెట్‌ను అలాగే వదిలేయకండి. పైన ఆరినట్టే ఉంటుంది, కింది మెత్త మాత్రం స్పాంజిలా నీరు పట్టి ఉంచుతుంది. చాలా కార్లలో దాని కిందే వైర్లు పోతాయి, రేకూ తుప్పు పడుతుంది. మ్యాట్లు తీసి, కార్పెట్ అంచు ఎత్తి, పాత తువ్వాళ్లు అదిమి నీరు పీల్చి, తలుపులు తెరిచి ఎండలో రెండు రోజులైనా ఆరబెట్టండి.

ఏసీ వాడకపోయినా వాన పడ్డాక మాత్రమే తడి కనిపిస్తే ఈ గొట్టాన్ని తిట్టక్కర్లేదు. వైపర్ల కింద, బానెట్ అంచున ఉండే జాలీలో వేపాకు నిండి, వాన నీరు పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. చెట్టు కింద పెట్టే కారైతే వానాకాలం ముందే దాన్ని ఊడ్చేయాలి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోని కన్నాలూ చూడండి.

ఇంకో రకం ఉంది. దూర ప్రయాణంలో చల్లటి గాలి క్రమంగా తగ్గి, ఏసీ ఆపి కాసేపయ్యాక కింద నీళ్లు ధారగా పడతాయి. అంటే కాయిల్ మీద మంచు కట్టి కరిగింది. ముందుగా గ్లవ్ బాక్స్ వెనకనుండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము పేరుకుంటే మార్చండి, మన రోడ్లకు ఏడాదికోసారి మార్చడం మంచిది. అది బాగానే ఉండీ మంచు కడుతుంటే గ్యాసు తగ్గిందో, కాయిల్ చలిని కొలిచే సెన్సర్ చెడిందో ఏసీ మెకానిక్ తేల్చాలి.

ముక్క వాసన మళ్లీ రాకుండా ఉండాలంటే ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం నడవనివ్వండి, కాయిల్ ఆరుతుంది. ఏసీ నుంచి కారే నీటిని సీసాలో పట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్లూ ఉన్నారు. కాయిల్ మీది దుమ్మూ ధూళీ కలిసిన నీరు డిస్టిల్డ్ వాటర్ కాదు, మొక్కలకు పోసుకోండి.